గర్భిణిని మనం అడగని ప్రశ్న

సంపాదకుల వారికి నమస్కారములు.

బడి పిల్లలకు కూడికలు, తీసివేతలు కూడా సరిగా రావడం లేదన్న వార్త మీ జిల్లా పేజీలో వచ్చిన నాటి నుంచి, దాని మీద పాఠకులు రాస్తున్న ఉత్తరాలను వరుసగా చదువుతున్నాను. ఒకరు ఉపాధ్యాయులను తప్పుపట్టారు, ఒకరు సెల్‌ఫోన్లను, మరొకరు వలసలను. మిరప కోతలకు గుంటూరు పోయే తల్లిదండ్రుల వెంట పిల్లలు కూడా లారీ ఎక్కే కోసిగి వైపు ఊళ్ళను ఎరిగినదాన్ని కాబట్టి వలసల గురించిన ఉత్తరంతో నాకు పేచీ లేదు. అయితే పిల్లవాడు బడిలో అడుగుపెట్టడానికి ఐదారేళ్ళ ముందే, తల్లి కడుపులో ఉండగానే వాడి మెదడుకు జరిగే ఒక హానిని ఏ ఉత్తరమూ ప్రస్తావించలేదు. గర్భిణి ఒంట్లోకి చేరే మద్యం, పొగాకులోని నికోటిన్, ఈ రెండింటి గురించి రాయదలచుకున్నాను. పిల్లలు చదువులో వెనకబడడానికి ఇదొక్కటే కారణమని నా వాదన కాదు. ఉన్న అనేక కారణాలలో ఇదొకటి, పైగా ముందే ఆపడానికి వీలున్నది.

ఆదోని డివిజన్ పల్లెల్లో ఏఎన్ఎంగా, ఆ తర్వాత ఆరోగ్య పర్యవేక్షకురాలిగా 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నెల తప్పిందని తెలిసిన ప్రతి ఆడకూతురి పేరూ రిజిస్టరులో ఎక్కించి, బరువు తూచి, బీపీ చూసి, రక్తపరీక్ష చేయించి, ధనుర్వాతం సూది వేసి, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపేదాన్ని. ఏం తింటున్నావమ్మా అని అడిగేదాన్ని. తిండి కాక నోట్లో ఇంకేం వేసుకుంటున్నావని మాత్రం ఒక్కరినీ అడగలేదు. అడగమని పైవాళ్ళు చెప్పలేదు, నాకై నాకు తట్టనూ లేదు. ఆడవాళ్ళు తాగరు, కాల్చరు, అలాంటి వాళ్ళెవరో పెద్ద పట్నాల్లో ఉంటారు అన్న నమ్మకం ఊరికి ఎంత ఉండేదో, అలాంటి ఊళ్ళోనే పుట్టి పెరిగిన నాకూ అంతే ఉండేది.

ఒక సంగతి చెబుతాను; ఊరి పేరు, మనిషి పేరు అక్కరలేదు. రెండో కాన్పుకు పేరు రాయించుకున్న ఒక అమ్మాయికి వేవిళ్ళు విపరీతంగా ఉండేవి. నాలుగో నెల వచ్చేసరికి తగ్గాయి. మాత్రలు పనిచేశాయనుకున్నాను. ఏడో నెలలో వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆమె అరుగు మీద కూర్చుని, అత్తగారి వక్కాకు తిత్తిలోంచి పొగాకు తుంపు తీసి, సున్నం రాసి దవడన పెట్టుకుంటోంది. నా చూపు పసిగట్టిన అత్తే జవాబు చెప్పింది: "వాంతులు గాకుండా నేనే ఇస్తాండా సిస్టరమ్మా. నా నలుగురు పిల్లోల్లప్పుడూ ఇట్లనే యేసుకుంటి, ఏమైంది?" నేను నవ్వి ఊరుకున్నాను. పుట్టిన బిడ్డ రెండు కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగింది. తల్లికి రక్తం తక్కువ అని కారణం రాశాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాకపోవచ్చు. ఆ పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి చదువుతోంది. నిన్న అప్పజెప్పిన ఎక్కం ఈరోజు గుర్తుండదని, కుర్చీలో కుదురుగా కూర్చోలేదని వాళ్ళ టీచరమ్మ అన్నారు. దానికి తల్లి వేసుకున్న పొగాకే కారణమని నేను చెప్పలేను, ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేరు. కానీ ఆరోజు నేను నవ్వకుండా ఉండవలసింది.

రిటైరయ్యాక, నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మా అమ్మాయి పుస్తకాలు తిరగేస్తూ ఈ విషయాన్ని మొదటిసారి శ్రద్ధగా చదివాను. మద్యం సంగతి ముందు చెబుతాను. తల్లి తాగిన మద్యానికి, కడుపులో బిడ్డకు ఆహారం అందించే మాయ (ప్లాసెంటా) అడ్డు కాదు. కాసేపట్లోనే బిడ్డ రక్తంలో కూడా ఇంచుమించు తల్లి రక్తంలో ఉన్నంత మోతాదుకు చేరుతుంది. తల్లికైతే దాన్ని విరిచేసే కాలేయం ఉంది. బిడ్డ కాలేయంలో ఆ పని చేసే ఎంజైములు ఇంకా నామమాత్రమే. పైగా ఉమ్మనీరు మద్యాన్ని నిలవ పెట్టుకుంటుంది, బిడ్డ ఆ నీటినే మింగుతూ, అందులోకే విసర్జిస్తూ ఉంటుంది కాబట్టి, తల్లికి మత్తు దిగిపోయిన తర్వాత కూడా బిడ్డకు ఆ మందు అందుతూనే ఉంటుంది.

పాశ్చాత్య వైద్యులు దీన్ని గుర్తించింది చాలా ఆలస్యంగా. ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల వైద్యుడు 1968లో, తాగుడు అలవాటున్న తల్లిదండ్రులకు పుట్టిన 127 మంది పిల్లల గురించి రాస్తే లోకం పెద్దగా పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్ నుంచి కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అనే వైద్యులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసి, తల్లి తాగుడు వల్ల బిడ్డలో కలిసి కనిపించే ఈ లోపాలకు ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టిన తర్వాతే వైద్యశాస్త్రం కళ్ళు తెరిచింది. మన చరక సంహిత శారీరస్థానంలో మాత్రం, నిత్యం మద్యం సేవించే గర్భిణికి దప్పిక ఎక్కువైనవాడు, అల్పస్మృతి, అనవస్థితచిత్తుడు అయిన బిడ్డ పుడతాడని ఉంది. జ్ఞాపకం తక్కువ, మనసు నిలకడ లేదు అన్న ఆ రెండు మాటలూ ఈనాటి పరిశోధనకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అయితే ఆ పక్క వాక్యాల్లోనే ఈరోజు నమ్మలేని సంగతులు కూడా ఉన్నాయి కాబట్టి, మనకు అన్నీ ముందే తెలుసునని గొప్పలు పోవడానికి దీన్ని వాడుకోకూడదు.

ఈ సిండ్రోమ్ పూర్తిగా ఉన్న పిల్లలను ముఖం చూసి గుర్తుపట్టవచ్చు. కళ్ళ చీలికలు పొట్టిగా ఉంటాయి, ముక్కుకు, పై పెదవికి నడుమ ఉండవలసిన గాడి చదునైపోతుంది, పై పెదవి సన్నగా గీత గీసినట్టుంటుంది. ఈ గుర్తులకు పునాది పడేది పిండం ఏర్పడిన మూడో వారం ప్రాంతంలో, అంటే చాలామందికి నెల తప్పిందో లేదో కూడా తెలియని రోజుల్లో. మా బోటి వాళ్ళం ఇక్కడే పొరపాటు పడతాం. ఆ కొద్ది రోజులు దాటిన తర్వాత తాగితే ముఖం అందరి ముఖంలాగే ఉంటుంది. మెదడు అయితే తొమ్మిది నెలలూ తయారవుతూనే ఉంటుంది, చివరి మూడు నెలల్లో మరీ వేగంగా పెరుగుతుంది, పుట్టిన తర్వాత రెండేళ్ళ దాకా ఆ వేగం కొనసాగుతుంది. కాబట్టి ముఖంలో ఏ గుర్తూ లేకుండా మెదడులో మాత్రమే లోపం మిగిలిన పిల్లలే ఎక్కువమంది. వాళ్ళందరినీ కలిపి ఇప్పుడు ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ అంటున్నారు.

మెదడులో జరిగేది ఏమిటంటే, నరకణాలు ముందు పుట్టాలి, పుట్టిన చోటి నుంచి తమ స్థానానికి నడిచి వెళ్ళాలి, అక్కడ పక్క కణాలతో చేయి కలపాలి. మద్యం ఈ మూడు పనులనూ చెడగొడుతుంది. నరకణాలు పరస్పరం సంకేతాలు పంపుకోవడానికి వాడే రెండు ప్రధాన మార్గాల్లో ఒకదాన్ని మూసి, ఇంకొకదాన్ని అతిగా తెరుస్తుంది. ఎదిగే దశలో సంకేతం అందని కణం తాను పనికిరానిదాన్నని లెక్కగట్టి తనంతట తానే చచ్చిపోతుంది. మనిషి గర్భం చివరి నెలలతో సమానమైన దశలో ఉన్న ఎలుక పిల్లలకు ఒక్క పూట ఎక్కువ మద్యం ఎక్కిస్తే మెదడు కణాలు లక్షల్లో రాలిపోయినట్టు 2000లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపించారు. మనుషుల్లో, మెదడు కుడి ఎడమ భాగాలను కలిపే నరాల వంతెన సన్నబడడం, కొందరిలో అసలే లేకపోవడం, చిన్నమెదడు కుంచించుకుపోవడం, జ్ఞాపకాలను భద్రపరిచే భాగం, నుదుటి వెనక ఉండి ముందువెనకలు ఆలోచించే భాగం సరిగా ఎదగకపోవడం స్కానింగుల్లో కనిపించాయి.

అలాంటి పిల్లవాడు మన పక్కింట్లో ఉంటే ఎలా ఉంటాడు? మాటకారిగానే ఉంటాడు. పలకరిస్తే బాగా మాట్లాడతాడు కాబట్టి తెలివైనవాడే, కావాలని చదవడం లేదు అనుకుంటాం. చెప్పింది అర్థమైందా అంటే తలాడిస్తాడు, అదే పని పది నిమిషాల తర్వాత మరిచిపోతాడు. మిగతా పాఠాలకన్నా లెక్కల్లో ఎక్కువగా వెనకబడతాడు. అంగడికి పంపితే చిల్లర లెక్క తేలదు. నిన్న తన్నులు తిన్న తప్పునే ఈరోజు మళ్ళీ చేస్తాడు. ఇలా చేస్తే అలా అవుతుంది అన్న ముడి వాడి మెదడులో పడదు. ఎవరు స్నేహంగా పిలిస్తే వాళ్ళ వెంట పోతాడు. మనం వాడికి మొద్దు అని, మొండి అని, పోకిరి అని రకరకాల పేర్లు పెడతాం, బెత్తం కూడా వాడతాం. సియాటిల్‌లో ఆన్ స్ట్రైస్‌గత్ అనే పరిశోధకురాలు ఇలాంటి పిల్లలను పెద్దయ్యేదాకా గమనించి, ఆరేళ్ళ లోపే లోపాన్ని గుర్తించి, కుదురైన ఇంట్లో పెంచితే తర్వాతి కష్టాలు, అంటే బడి మానేయడం, పోలీసు కేసులు, తాగుడు వంటివి బాగా తగ్గుతాయని తేల్చారు. పోయిన కణాలు తిరిగి రావు గానీ, బిడ్డ బతుకు అక్కడితో ఆగిపోయినట్టు కాదు.

ఇదంతా విని, మన ఆడవాళ్ళు ఎవరు తాగుతున్నారమ్మా అని మీ పాఠకులు అడగవచ్చు. నిజమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో మద్యం తాగుతామని చెప్పిన స్త్రీలు నూటికి ఒకరి కన్నా తక్కువ. కానీ ఆ ప్రశ్న ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. పండక్కి ముంత కల్లు తాగే ఆమె తాను తాగుతానని అనుకోదు. కల్లు చలువ, కడుపులో బిడ్డకు మంచిదని ఆమెకు పెద్దలు చెప్పారు. తెల్లవారుజామున దించిన నీరాలో మత్తు లేకపోవచ్చు గానీ, పొద్దెక్కేకొద్దీ పులిసి కల్లవుతుంది, కల్లులో ఉన్నదీ బ్రాందీలో ఉన్న ఆల్కహాలే. అందులో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతున్నట్టు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్సైజ్ కేసుల్లో పదే పదే బయటపడింది. ఇక బాలింతలకు చలి తగలకుండా బ్రాందీ పట్టించే ఆచారం చదువుకున్న ఇళ్ళలో కూడా ఉంది. తల్లి రక్తంలో ఎంత మద్యం ఉంటే పాలలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది, ఆ పాలు తాగే బిడ్డ మెదడు ఇంకా కట్టుబడి దశలోనే ఉంటుంది. జలుబు చేసిన పసిబిడ్డ నాలుక మీద రెండు చుక్కల బ్రాందీ వేసిన ఇళ్ళు నేను ఎన్ని చూశానో లెక్క లేదు. ఒక ఇంట్లో పెద్దాయన నన్నే సమాధానపరిచారు: "అది మందు గాని తాగుడు గాదమ్మా." సారాకూ, ఔషధానికీ మన భాషలో 'మందు' అన్న ఒకే మాట ఉండడం కూడా ఈ చిక్కును పెంచిందేమోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నలుగురు పిల్లల్ని కన్నాను, ఏమైంది అన్న అత్తగారి ప్రశ్నకు కూడా జవాబు ఉంది. గర్భంతో ఉండగా మద్యం తాగిన ప్రతి 67 మంది తల్లుల్లో ఒకరికి పూర్తి స్థాయి సిండ్రోమ్ ఉన్న బిడ్డ పుడుతుందని 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఒక అంచనా వచ్చింది. ప్రపంచం మొత్తం మీద ఏటా అలాంటి పిల్లలు సుమారు 1,19,000 మంది. అంటే మిగతా 66 మందిలో చాలామంది బిడ్డల్లో పైకి ఏమీ కనపడదు, ఆ తల్లులే ఊళ్ళో సాక్ష్యం చెబుతారు. ఎంత తాగారు, ఏ నెలలో తాగారు, ఒక్కసారిగా ఎక్కువ తాగారా, తల్లికి తిండి, రక్తం సరిపడా ఉన్నాయా అన్నదాన్ని బట్టి హాని మారుతుంది. ఇనుము తక్కువైన జంతువుల్లో ఇదే మోతాదు మద్యం ఎక్కువ నష్టం చేస్తుందని ప్రయోగాల్లో తేలింది. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. అందువల్ల తక్కువ తాగితే ఫరవాలేదు అని చెప్పగల గీత ఎవరూ గీయలేకపోయారు.

మన సీమ మటుకు నాకు మద్యం కన్నా పొగాకు గురించే ఎక్కువ దిగులు. సిగరెట్టు కాల్చే స్త్రీ మన పల్లెల్లో అరుదు కాబట్టి, పొగ తాగే తల్లుల గురించి పెద్ద దేశాల్లో రాసిన హెచ్చరికలు మనకు అంటవు అనుకుంటాం. నికోటిన్‌కు పొగ అక్కరలేదు. తమలపాకుకు సున్నం రాస్తారు; సున్నం క్షారం కాబట్టి పొగాకులోని నికోటిన్‌ను విడదీసి, దవడ పొర గుండా నేరుగా రక్తంలోకి వేగంగా పంపుతుంది. అరచేతిలో సున్నంతో నలిపే ఖైనీ పనితనమూ అదే. పంటినొప్పికి చిగుళ్ళకు రుద్దే నశ్యం, పళ్ళపొడి పేరుతో అమ్మే పొగాకు పొడి, ఇవన్నీ ఒకే గూటివి. వక్క కూడా ఉత్తది కాదు. అందులోని అరికోలిన్ అనే రసాయనం మాయ దాటి బిడ్డను చేరుతుంది.

నికోటిన్ మెదడును తప్పుదారి పట్టించే తీరు మద్యం తీరుకు భిన్నం. మన నరాల్లో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఉంది, అది పట్టుకునే తాళాలు నరకణాల మీద ఉంటాయి. పుట్టని బిడ్డ మెదడులో ఈ తాళాలు తొలి నెలల్లోనే ఏర్పడతాయి. పెద్దవాళ్ళలో అవి సంకేతాలు అందించడానికి పనికొస్తే, పిండంలో ఏ కణం ఎప్పుడు విభజన ఆపాలి, ఎప్పుడు తన అసలు పనిలోకి దిగాలి అన్న వేళను నిర్ణయిస్తాయి. నికోటిన్ దొంగ తాళంచెవి. వేళ కాని వేళ తలుపు తెరుస్తుంది. కణం ఇంకా సంఖ్య పెంచుకోవలసిన సమయంలో పెరగడం ఆపేస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో థియోడోర్ స్లాట్కిన్ దశాబ్దాల పాటు జంతువులపై చేసిన ప్రయోగాలు ఈ సంగతినే చూపించాయి. పైగా నికోటిన్ బిడ్డ వైపు తల్లి రక్తంలో కన్నా కొంచెం ఎక్కువగానే పేరుకుంటుంది. మాయకు వెళ్ళే రక్తనాళాలను బిగదీస్తుంది కాబట్టి ఆహారం, ప్రాణవాయువు కూడా తగ్గుతాయి. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగ అయితే దానికి కార్బన్ మోనాక్సైడ్ తోడవుతుంది. బిడ్డ రక్తం ఆ విషవాయువును తల్లి రక్తం కన్నా గట్టిగా పట్టుకుంటుంది.

పొగ లేని పొగాకు మీద మన దేశంలోనే గట్టి పరిశోధన ఉంది. ముంబైలో 1,217 మంది గర్భిణులను కాన్పు దాకా గమనించి, 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పొగాకు నమిలే తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు, నెలలు నిండకుండా పుట్టడం కూడా వాళ్ళలో ఎక్కువ. 105 గ్రాములంటే అరకప్పు పాలు అని కొట్టిపారేయవచ్చు. అసలే రెండున్నర కిలోల గీతకు అటూ ఇటూగా పుట్టే మన పిల్లలకు ఆ అరకప్పే గీత కిందికి లాగుతుంది. నెలలు నిండక ముందే బయటపడే బిడ్డ, మెదడు అత్యంత వేగంగా పెరిగే వారాలను గర్భంలో కాక ఆసుపత్రి ఇంక్యుబేటరు పెట్టెలో గడుపుతుంది.

నమలని వాళ్ళకు కూడా నికోటిన్ అందే దారులు మన దగ్గర ఉన్నాయి. బీడీలు చుట్టే ఆడవాళ్ళ చర్మం నుంచి, వాళ్ళు పీల్చే పొడి నుంచి నికోటిన్ ఒంట్లోకి చేరుతుందని మూత్ర పరీక్షల్లో తేలింది; ఒళ్ళో చాట పెట్టుకుని నిండు గర్భంతో బీడీలు చుట్టే వాళ్ళను మన పట్టణాల సందుల్లో ఇప్పటికీ చూడవచ్చు. నంద్యాల వైపు పొగాకు చేలల్లో తడి ఆకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులు కావడం ఒక రకం నికోటిన్ విషమే. గర్భిణి కూలీకి అదే జరిగితే వేవిళ్ళు అనుకుని ఎవరూ లెక్కచేయరు. ఇక ఒకే గది ఇంట్లో మామ బీడీ, మొగుడి సిగరెట్టు పొగలో తొమ్మిది నెలలు గడిపే ఆమె సంగతి చెప్పనక్కరలేదు.

పొగాకు విషయంలో ఒక మాట నిజాయితీగా చెప్పాలి. తల్లి పొగతాగడానికీ, బిడ్డలో ఏకాగ్రత లోపానికీ సంబంధం ఉందని చాలా పరిశోధనలు చెప్పాయి. కానీ ఒకే తల్లి, ఒక కాన్పులో పొగతాగి, ఇంకో కాన్పులో మానేసినప్పుడు పుట్టిన తోబుట్టువులను పోల్చి చూస్తే ఆ సంబంధం బాగా బలహీనపడింది. అంటే పేదరికం, వంశంలో వచ్చే స్వభావం వంటివి కూడా అందులో కలిసి ఉన్నాయి. తక్కువ బరువు, నెలలు నిండని కాన్పు, పసిబిడ్డ నిద్రలో హఠాత్తుగా చనిపోవడం విషయంలో మాత్రం సాక్ష్యం గట్టిది. భయపెట్టడానికి ఉన్నదాని కన్నా ఎక్కువ చెబితే, ఆ అత్తగారి "ఏమైంది?" అన్న ప్రశ్న ముందు మళ్ళీ మనమే ఓడిపోతాం.

ఇక అడగడం గురించి. గర్భిణులందరినీ వీలైనంత తొందరగా, ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ మద్యం, ఇతర మత్తుపదార్థాల గురించి అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. పొగాకు గురించి, ఇంట్లో ఇతరుల పొగ గురించి అడగాలని అంతకు ముందు ఏడాదే చెప్పింది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది. ఆ వరుసలో నిలబడిన ఆమెను ఈ ప్రశ్న అడగడానికి నిమిషం పట్టదు, పైసా ఖర్చు లేదు. కానీ "తాగుతావా, పొగాకు తింటావా?" అని అత్త పక్కనుండగా అడిగితే లేదనే జవాబు వస్తుంది. వాంతికి ఏం వేసుకుంటున్నావు, పంటినొప్పికి ఏం పెడుతున్నావు, ఇంట్లో ఎవరు బీడీ కాలుస్తారు, పండక్కి కల్లు పోస్తారా అని, బరువు తూచే చోట ఒంటరిగా, తప్పు ఎంచని గొంతుతో అడగాలి. అత్తను, భర్తను తర్వాత వేరుగా పిలవాలి, ఎందుకంటే తిత్తి అత్తది, పొగ భర్తది.

తెలిసిన తర్వాత ఏం చెప్పాలన్నది కూడా ముఖ్యమే. గర్భం సంగతి తెలియక ముందు తాగానని బెదిరిపోయి గర్భం తీయించుకుంటానన్న ఆమెకు, ఈరోజు మానేసినా బిడ్డకు మేలేనని నెమ్మదిగా చెప్పాలి. మెదడు ఇంకా పెరుగుతూనే ఉంది కాబట్టి ఏ నెలలో ఆపినా ఆ నెల నుంచి లాభమే. రోజూ బాగా తాగే అలవాటున్న వాళ్ళు మాత్రం ఉన్నపళాన ఇంట్లోనే మానేయకూడదు, ఫిట్స్ రావచ్చు. ఆసుపత్రిలో డాక్టరు చూస్తుండగా మానాలి. మందుల షాపులో దొరికే నికోటిన్ గమ్ కూడా నికోటినే కాబట్టి గర్భిణి తనంతట తాను కొని నమలకూడదు. పొగాకు మానడానికి సలహా ఇచ్చే 1800-11-2356 అన్న ఉచిత నంబరును 2018 నుంచి పొగాకు ప్యాకెట్ల మీద ముద్రిస్తున్నారు. వక్కాకు తిత్తిలోని విడి పొగాకుకు ప్యాకెట్టు ఉండదు కాబట్టి, అది అవసరమైన వాళ్ళ కంట పడదు. మీ ఆరోగ్య పేజీలో వారానికొకసారి ఆ నంబరు వేయమని కోరుతున్నాను.

సీసాల మాట కూడా ఒకటి ఉంది. మన దేశంలో 2019 నుంచి మద్యం సీసాల మీద, ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపవద్దు అన్న హెచ్చరిక తప్పనిసరి. అమెరికాలో 1989 నుంచి, ఫ్రాన్స్‌లో 2007 నుంచి గర్భిణి గురించిన హెచ్చరిక కూడా ఉంది. మన నిబంధనలో ఆ మాట లేదు. చేర్చాలి. మద్యం ఆదాయం లేనిదే ఖజానా నడవని రాష్ట్రాల్లో ఉంటూ లేబులు మీద ఇంకో వాక్యం అడగడం అత్యాశ కాకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచినప్పుడు, మొగుళ్ళ తాగుడు ఇంటిని కూల్చడం గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. కడుపులో బిడ్డ గురించి ఆ ఉద్యమ కాలంలో కూడా మేమెవరం మాట్లాడలేదు. అప్పటికే సియాటిల్ వ్యాసం వచ్చి దాదాపు 20 ఏళ్ళు.

పుట్టిన పిల్లల విషయానికి వస్తే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు, అంగన్వాడీలకు వచ్చే బృందాలు 30 రకాల లోపాలను వెతుకుతాయి. నేర్చుకోవడంలో లోపం, ఏకాగ్రత లోపం ఆ జాబితాలో ఉన్నాయి. గర్భంలో మద్యం వల్ల వచ్చే లోపానికి విడిగా పేరు లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో చెప్పిన 21 వైకల్యాల్లోనూ ఆ పేరు లేదు. పేరు లేకపోయినా, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ రాకపోయినా, పిల్లవాణ్ణి జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపడానికి కారణం అక్కరలేదు, లక్షణం చాలు. తల్లి నేరం ఒప్పుకుంటే తప్ప బిడ్డకు వైద్యం అందదన్న భావన ఎక్కడా రానీయకూడదు. వక్కాకు తిత్తి ఆమెకు ఇచ్చింది ఇల్లు, సారా అమ్మింది ఊరు, అడగకుండా వదిలేసింది నాలాంటి ఉద్యోగి. అన్నీ అయ్యాక వేలు మటుకు ఆమె వైపే చూపుతాం.

ఒకప్పుడు నేను పనిచేసిన సబ్ సెంటరులో ఇప్పుడున్న ఏఎన్ఎం మా అమ్మాయి ఈడుది. గర్భిణుల రిజిస్టరు చివర 'రిమార్కులు' అని ఒక గడి ఉంటుంది. నా కాలంలో అది ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పోయిన నెల ఆ అమ్మాయితో ఈ విషయం మాట్లాడితే, ఆ గడిలో పొగాకు ఉందా లేదా అని రాయడం మొదలుపెట్టింది. అడిగిన మొదటి రోజునే, లేదు లేదని తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయిన ఒక గర్భిణి, అత్త ఆటో ఎక్కి కూర్చున్న తర్వాత మాత్రలు మరిచానన్న నెపంతో వెనక్కి వచ్చి, కొంగు ముడి విప్పి అందులోని పొగాకు తుంపు చూపించి, "ఇది ఎట్ల మానాల్ల అక్కా?" అని అడిగిందట.

ఇట్లు,
విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
ఆదోని, కర్నూలు జిల్లా.